అటుపక్క సైన్యం

గిద్యోనుకి కుదురు లేకుండా పోయి రెండు నెలలైంది. లోకాంతం ఎప్పుడో తేలితే గాని అన్నం సయించేట్టు లేదు మనిషికి.

కొటారుపాలెంలో అతనిది బోర్డులు రాసే పని. ఉప్పు కొటార్ల మీద నంబర్లు, పడవల మీద పేర్లు, బడి గోడ మీద మంచిమాటలు, ఏది రాసినా అక్షరం ముత్యమే. నాలుగేళ్ళ కిందట ఆ పని తగ్గించుకుని, బైబిలు వాక్యం నేర్చుకుంటానని బర్నబా అయ్యగారి దగ్గర చేరాడు. అయ్యగారు ఆ ఊరి సంఘానికి నలభై ఏళ్ళుగా కాపరి. డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. ఆయనకి కోపం రాగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

మంచికీ చెడుకీ జరగబోయే కడపటి యుద్ధం గురించి చదివిన రోజు నుంచీ గిద్యోను చెవిలో జోరీగ దూరినట్టయింది. ఘటసర్పం ఎవరు? సముద్రంలోంచి లేచే మృగం ఏ దేశం? హార్‌మెగిద్దోను అనే ఆ బయలులో ఎవరెవరు ఎటువైపు నిలబడతారు? పేపర్లో ఎక్కడ బాంబు పడ్డా కత్తిరించి నోటుబుక్కులో అంటించేవాడు. భూకంపం వార్త చదివితే సంతోషమే వేసేది పాపం, తను అనుకున్నట్టే జరుగుతోందని. రాత్రి సముద్రం హోరెక్కువైతే లేచి కూర్చునేవాడు.

తెల్లారేసరికి అయ్యగారి గుమ్మంలో ఉండేవాడు. అయ్యగారు వేపపుల్ల నోట్లోంచి తియ్యకముందే మొదలుపెట్టేవాడు. ఆ రోజు దగ్గర పడిందంటారా, ఈ రాజేనా ఆ రాజు, మృగం ముద్ర వేయించుకునేవాళ్ళని ఎట్లా గుర్తుపట్టడం. అయ్యగారు అంతా విని, గుడి గంట తాడు పీచు లేచింది చూసిరా అనో, ముసలి కరుణమ్మ ఇంట్లో మంచినీళ్ళున్నాయో లేదో కనుక్కురా అనో పంపించేవారు. గిద్యోను వెళ్ళేవాడు, పని చేసేవాడు, మళ్ళీ వచ్చి అక్కడి నుంచే అందుకునేవాడు. అయ్యగారి భార్య అమ్మగారికి విసుగొచ్చి, కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరగడం, కాసేపు కూర్చుని కాఫీ తాగరాదా అనేది. కాఫీ తాగుతూ కూడా కాళ్ళు ఊపేవాడు.

ఇట్లా లాభం లేదనుకుని ఒకరోజు అయ్యగారిని అడిగాడు. ఇంకో మూడు వారాలకి ఉజ్జీవ కూటాల పేరుతో ప్రార్థన సభలు ఉన్నాయి, చుట్టుపక్కల పది ఊళ్ళ జనం వస్తారు, ఆ యుద్ధం మొత్తం పెద్ద గుడ్డ మీద గీసి పందిట్లో కడతాను, చూసినవాడు చచ్చినట్టు మారాలి అన్నాడు. అయ్యగారు సరేనన్నారు. ఎందుకన్నారో ఆయనకే తెలియాలి.

గాడాగుడ్డ నాలుగు బారలు తెచ్చాడు. గంజి పెట్టాడు, గుడి వరండాలో గోడకి బిగించాడు. ఇక పదిహేను రోజులు వేరే లోకం లేదు. నడుమ నిప్పుల గుండం. కుడివైపు తెల్ల గుర్రాలు, తెల్ల బట్టల సైన్యం. ఎడమవైపు ఏడు తలల మృగం, దాని వెనక నల్ల సైన్యం.

ఆ నల్ల సైన్యం చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు ఏదో పని పెట్టుకుని వచ్చి పోవడం మొదలుపెట్టారు. ఎందుకు రారు? అందులో అందరూ తెలిసినవాళ్ళే. మొదటి వరసలో బెల్టుషాపు పుల్లయ్య సీసాతో సహా ఉన్నాడు. ఆ వెనక రేషన్ బియ్యంలో చేతివాటం చూపించే డీలరు. పక్క వీధిలో వేరే సంఘం పెట్టుకున్న పాస్టరుగారికి తోక కూడా పెట్టాడు. ఆ చివర, నిప్పుల గుండానికి అంగుళం దూరంలో, భుజాన డప్పు తగిలించుకుని ఇస్సాకు నిలబడి ఉన్నాడు.

ఇస్సాకు గిద్యోనుకి సొంత అన్న. ఉప్పు మళ్ళలో పని చేస్తాడు. ఇద్దరి మధ్యా మాటల్లేక మూడేళ్ళు.

వాళ్ళమ్మ లేయమ్మ పోయిన రోజున జరిగింది అది. ప్రార్థన అయింది, పెట్టె లేపబోతున్నారు. అమ్మ పుట్టింటి ఊరి నుంచి నలుగురు డప్పులతో దిగారు. ఇస్సాకు పిలిపించాడు. సమాధుల దొడ్డి దాకా మోగించుకుంటూ వెళ్ళారు. గిద్యోనుకి ఒళ్ళు మండిపోయింది. సువార్త విన్న ఇంట్లో ఇదేం పాడుబుద్ధి అని నలుగురిలో అన్నని కడిగేసి, అమ్మ మీద పిడికెడు మట్టైనా వెయ్యకుండా వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఇస్సాకు ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా ఏమీ అనలేదు.

కొటారుపాలెం సంఘంలో ఒక పద్ధతి ఉంది. నెలకోసారి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటారు. దానికి ముందు, శనివారం సాయంత్రం, మాటలు లేనివాళ్ళు వెళ్ళి సమాధానపడాలి. ఊరికే గుమ్మంలో నిలబడి వందనాలు చెబితే చెల్లదు. ఆ ఇంట్లో చెయ్యి కడిగి ముద్ద నోట పెట్టాలి. ముద్ద దిగితేనే పగ దిగినట్టు. చేపల పులుసు కోసం శుక్రవారం పోట్లాడే గడుసువాళ్ళు కూడా ఉన్నారని ఊళ్ళో చెప్పుకుంటారు.

మూడేళ్ళుగా ఇస్సాకు బల్ల పుచ్చుకోవడం లేదు. మా తమ్ముడు మాట్లాడటం లేదు, నేనెట్లా వస్తానని, పాటలయ్యాక లేచి వెళ్ళిపోయేవాడు. గిద్యోను మాత్రం ప్రతి నెలా ముందు వరసలో మోకాళ్ళూనేవాడు. అయ్యగారు అడిగితే, నాకు ఆయన మీద కోపం లేదు, సత్యం కోసం దూరంగా ఉన్నానంతే అనేవాడు. అలా అనుకోవడం అతనికి అలవాటై, నిజమే అనిపించేది కూడా.

ఈ నెల సంగతి వేరు. ఇస్సాకుకి గుండెలో కవాటం పాడైంది. మంగళవారం పట్నంలో ఆపరేషను. బతికి వస్తాడని డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. శుక్రవారం ఆయన అయ్యగారి దగ్గరికి వచ్చి, రొప్పుతూ మెట్టు మీద కూర్చుని, ఈ ఆదివారం బల్ల పుచ్చుకుని పోవాలనుందని, తమ్ముడు రాడని తెలుసనీ చెప్పాడు. అంతే చెప్పి లేచి వెళ్ళాడు.

అయ్యగారు ఆ మాట గిద్యోనుకి చేరవేశారు. గిద్యోను బ్రష్షు ఆపలేదు. ముందు ఆయన్ని మారుమనస్సు పొందమనండి అన్నాడు. ఆ రాత్రి సముద్రం హోరు లేకపోయినా నిద్ర రాలేదు.

మర్నాడు శనివారం. సాయంత్రానికి బొమ్మ పూర్తికావాలి. పొద్దున్నే వచ్చి అన్న భుజం మీది డప్పుకి ఇంకో పూత వేశాడు, ఆ చేత్తోనే ముఖానికీ వేశాడు. అది బాగానే వచ్చింది. ఇటు తెల్ల సైన్యం దగ్గరే పని నడవలేదు. బట్టలు, గుర్రాలు, కత్తులు అన్నీ అయ్యాయి. ముఖాల చోట కోడిగుడ్ల లాంటి ఖాళీలు మిగిలాయి. ఒకటి గీసేవాడు, నచ్చేది కాదు, తుడిచేవాడు. ఎవరి ముఖం తలచుకున్నా వెంటనే ఆ మనిషి చేసిన తప్పొకటి గుర్తొచ్చేది. చిరాకుతో డబ్బా తన్నాడు.

ఎండ వాలేవేళకి అయ్యగారు కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చారు. ఎడమ నుంచి కుడికి తీరిగ్గా చూసుకుంటూ నడిచారు. పాస్టరుగారి తోక దగ్గర కాస్త ఆగారు. చివరికి ఖాళీ ముఖాల ముందు నిలబడ్డారు.

"ఇటు ఒక్కరికీ ముఖం లేదేంరా?"

"కుదరట్లేదయ్యగారూ."

"అటు భలే కుదిరాయే."

గిద్యోను తల వంచుకున్నాడు. అయ్యగారు ముక్కాలిపీట లాక్కుని వెలుతురు పడేచోట వేసుకున్నారు. దాని మీద కూర్చుని, జుబ్బా పై గుండీ పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు నడుం నిటారు చేశారు. తన ముఖం గీయమన్నారు.

గిద్యోనుకి ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ ఈ ముఖం తట్టలేదేమిటి? తెల్ల సైన్యానికి ముందు నిలవాల్సిన మనిషి ఈయన కాక ఇంకెవరు? బొగ్గుముక్క తీసుకుని గబగబా కుడివైపుకి నడిచాడు.

"అటు కాదు," అన్నారు అయ్యగారు. "ఇటు. మీ అన్న పక్కన."

గిద్యోను నవ్వబోయాడు. అయ్యగారు నవ్వడం లేదు.

"ఆ డప్పులు పిలిపించమంది నేనురా."

అప్పుడు చెప్పారు, మెడ తిప్పకుండా, అట్లా కూర్చునే. పోవడానికి రెండు రోజుల ముందు లేయమ్మ అడిగిందట. మా నాయన డప్పు కొట్టేవాడు, చిన్నప్పుడు ఆ మోత వింటూ నిద్రపోయేదాన్ని, అది వినకుండా పోతే ఇంటి నుంచి పోయినట్టే ఉండదయ్యా అందట. అయ్యగారు ఆలోచించి, దేవుడు డప్పుకి బెదిరేవాడు కాదులెమ్మన్నారు. వెళ్ళి కబురు చెప్పి రావడం ఒక్కటే ఇస్సాకు చేసింది.

గిద్యోను చేతిలో బొగ్గు విరిగింది. మరి అన్న ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాడు. అంతమందిలో తిట్టాను కదా, ఒక్కమాట అంటే సరిపోయేది కదా అన్నాడు.

"నేను చెబుతానంటే మీ అన్నే ఆపాడు. 'వాడికి మీరంటే దేవుడితో సమానం అయ్యగారూ. ఆ కోపమేదో నా మీదే ఉండనీండి, నేను ఓర్చుకుంటా. మీ మీద పెట్టుకుంటే వాడెటు పోతాడు?' అన్నాడు."

గిద్యోను గోడ పట్టుకున్నాడు. చాలా మెల్లగా, మీరూ ఊరుకున్నారా అన్నాడు.

"ఊరుకున్నా. నువ్వు నన్నంత పెద్దగా చూడటం బాగుండిందిరా నాకు. మూడేళ్ళు దాన్ని వదులుకోలేకపోయాను." అయ్యగారు గడ్డం కాస్త పైకెత్తారు. "గీయి. వెలుగు పోతోంది."

గిద్యోను ఎడమవైపుకి వెళ్ళాడు. అన్న ముఖం ముందు నిలబడ్డాడు. ఎంత అచ్చంగా దిగింది! కుడి కనుబొమ్మ మీద గాటుతో సహా. చిన్నప్పుడు తను విసిరిన రాయి గాటే అది. అరచేత్తో ఆ ముఖాన్ని తుడవబోయాడు. పొద్దున వేసిన రంగు ఇంకా ఆరలేదు. ముఖం పోలేదు, చేతులు నల్లబడ్డాయి. రెండు చేతులా రుద్దాడు. ఏడుపొచ్చింది. అయ్యగారి వంక చూశాడు, కోపంతోనో, ఇంకా దేనితోనో అతనికే తెలియలేదు. ఆయన పీట మీంచి కదల్లేదు.

గిద్యోను వరండా దిగి నడిచాడు.

ఇస్సాకు ఇల్లు నాలుగు ఇళ్ళ అవతల. మూడేళ్ళుగా ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు. ఇవాళ తిన్నగా నడుస్తుంటే వాకిళ్ళలో కూర్చున్నవాళ్ళు మాటలాపి చూశారు. తడిక దగ్గరికి వచ్చేసరికి అడుగు పడలేదు. మనసులో ఒకటే రద్దీ. తప్పు అన్నయ్యదే, చెప్పి ఉండాల్సింది అని ఒక మాట. అమ్మ మీద మట్టి వెయ్యలేదు నువ్వు అని ఇంకో మాట. వెనక్కి పో, రేపు చూద్దాం అని మరో మాట. రేపు ఆదివారం, ఎల్లుండి పట్నం బండి. వెనక్కి తిరగడానికి ఒక కాలు తిప్పాడు కూడా.

తడిక తోసింది ఏ చెయ్యో అతనికి గుర్తు లేదు.

వాకిట్లో నులకమంచం మీద ఇస్సాకు ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. తమ్ముణ్ణి చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని లేవబోయాడు.

"లెగవమాక," అన్నాడు గిద్యోను.

మూడేళ్ళలో అన్నతో పలికిన మొదటి మాట అదే. క్షమించమందామంటే నోరు తిరగలేదు. పొయ్యి దగ్గర వదిన సలోమి చెయ్యి ఆపి, చూపు ఆపకుండా చూస్తోంది. ఆమెకి ఇతని మీద పీకల దాకా కోపముంది, దాచుకునే మనిషీ కాదు.

"వదినా, ఆకలేస్తంది."

సలోమి అతని చేతులు చూసింది.

"ఆ చేతులతోనా?" అంది. అని, రెండు కంచాలు తీసింది.

ఇస్సాకు వద్దంటున్నా వినకుండా మంచం దిగి, తొట్టిలో చెంబు ముంచి, తమ్ముడి చేతుల మీద నీళ్ళు పోశాడు. ఒక చెంబు పోశాడు, రెండో చెంబు పోశాడు. అది పడవలకి వేసే రంగు, నీళ్ళకి వదిలే రకం కాదు. గిద్యోను ఆ చేతులతోనే అన్నం కలుపుకున్నాడు.