రొట్టెలు కాల్చిన జేగంట

ఒకసారి అన్న మాట నేను వెనక్కి తీసుకోను తల్లీ. మీ తాత దాన్ని మొండితనం అంటాడు. నేను నిలకడ అంటాను. ఇందాక పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడిందని ఆయన మొహం చిట్లించాడా? "చారు బాగానే ఉంది, మీ నాలుకే బాగాలేదు" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆ మాట మీదే నిలబడ్డాను. ఇంత నిలకడ ఎంతమందికి ఉంటుంది చెప్పు?

సరే, ఇటు జరుగు. కాలు నా మీద వేసుకో. ఊఁ కొట్టడం మాత్రం మానకు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు మనది కాదు, చైనా వాళ్ళది. నువ్వెప్పుడు చూశావంటావా? నేను తెనాలి దాటి పోలేదు. అయినా కథకి టికెట్టు అక్కర్లేదులే.

ఆ ఊళ్ళో లియావ్ అని ఒక కుర్రవాడు సైన్యంలో చేరాడు. పాతకాలంలో ఆ దేశపు సైన్యాలకి ఒక పద్ధతి ఉండేది. నగారా మోగితే ముందుకి పోవాలి. జేగంట మోగితే వెనక్కి రావాలి. యుద్ధంలో ఆ గోలలో నోటితో అరిస్తే ఎవరికి వినపడుతుంది? అందుకని అలా పెట్టుకున్నారు. జేగంట తెలుసుగా? గుళ్ళో హారతి వేళ కొయ్యసుత్తితో కొడతారే, పళ్ళెంలా ఉండే కంచుది, అదే.

మొదటి యుద్ధంలో లియావ్‌కి పెద్ద జోళ్ళు ఇచ్చారు. కొండ మీంచి దిగుతుంటే కాళ్ళు ఆగలేదు. దొర్లుకుంటూ వెళ్ళి శత్రువుల గంజి కాగులో పడ్డాడు. పైనుంచి భూతం పడిందనుకుని వాళ్ళు పారిపోయారు. "ఎంత ధైర్యం!" అని ఇతన్ని చిన్న నాయకుణ్ణి చేశారు.

ఆ తర్వాత రెండో యుద్ధం. ఇతని గుర్రం తిండిపోతు. శత్రువుల గడ్డివాము కంటపడేసరికి కళ్ళెం లాగినా ఆగకుండా వాళ్ళ మధ్యకి దూసుకుపోయింది. "ఎంత తెగువ!" అని ఇంకాస్త పెద్ద నాయకుణ్ణి చేశారు.

అప్పుడు మూడో యుద్ధం. జేగంట మోగింది, అందరూ వెనక్కి వచ్చేశారు. లియావ్ మాత్రం బండి కింద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే శత్రువులు డేరాలు ఎత్తేశారు. "ఒక్కడే నిలబడ్డాడు, ఎంత నిలకడ!" అని ఏకంగా సేనాపతిని చేశారు.

నవ్వకు. అతని నిలకడ వేరు, నా నిలకడ వేరు.

మూడుసార్లు పొగిడేసరికి లియావ్ అదంతా తన గొప్పే అనుకున్నాడు. "వెనక్కి తెలియనివాడు" అని జెండా మీద కుట్టించుకున్నాడు. "ఇంక నాకు జేగంట ఎందుకు?" అని దాన్ని వంటశాలలో పడేశాడు.

వంటశాలలో మేయ్ అవ్వ ఉండేది. చిన్నప్పుడు లియావ్‌కీ, వాళ్ళ తమ్ముడు జున్‌కీ తల్లి లేకపోతే ఈవిడే గంజి పోసి పెంచింది. అవ్వ జేగంటని తిప్పి చూసింది, వేలితో తట్టి చూసింది. "బంగారంలాంటి పెనం!" అంది. ఆ రోజు నుంచి దాని మీదే ఉల్లికాడల రొట్టెలు కాల్చేది. కాల్చడం అవగానే దాన్నే తలుపుకి తగిలించి, ఇనప గరిటెతో టంగు టంగున కొట్టేది. సైనికులు గిన్నెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు.

ఇలా ఉండగా పక్క రాజు దండెత్తి వచ్చాడు. రెండు సైన్యాలకీ మధ్య ఒక ఏరు. ఏట్లో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. శత్రువులు ఇలా కనపడి అలా అవతలి గట్టుకి పరుగు పెట్టారు.

"పారిపోతున్నారు! కొట్టండి నగారా!" అన్నాడు లియావ్.

సైన్యం అంతా ఏట్లోకి దిగింది. అందరికంటే ముందు తమ్ముడు జున్. లియావ్ భుజాల మీద మోసి పెంచిన తమ్ముడు.

అప్పుడు వేగులవాడొకడు రొప్పుతూ వచ్చాడు. "దొరా, మోసం! ఎగువన ఇసుక మూటలు వేసి ఏటికి కట్ట కట్టారు. ఇప్పుడు ఆ కట్ట తెగ్గొడుతున్నారు!"

లియావ్ ఏటి ఒడ్డుకి పరిగెత్తాడు. "వెనక్కి రండిరా!" అని గొంతు చించుకున్నాడు. ఎవరికీ వినపడలేదు. నగారా ఆపించాడు. వాళ్ళు ఆగలేదు. జెండా పట్టుకుని ఊపాడు. దాని మీద ఏం రాసి ఉంది? వెనక్కి తెలియనివాడు! అది చూసి వాళ్ళు ఇంకా హుషారుగా ముందుకి పోయారు.

ఇక మిగిలింది జేగంట ఒక్కటే. సేనాపతి వంటశాలకి పరుగు తీశాడు.

"అవ్వా, జేగంట!"

"ఆగరా, రొట్టె ఒకవైపే కాలింది."

"అవ్వా, జున్ ఏట్లో ఉన్నాడు, వరద వస్తోంది!"

అవ్వ వెంటనే రొట్టె తీసి అవతల పారేసి, "ఇదుగో మసిగుడ్డ" అంటూనే ఉంది. లియావ్ అప్పటికే ఉత్త చేతులతో పెనం ఎత్తేశాడు. "అబ్బా! అబ్బా!" అంటూ గట్టు మీదికి ఉరికాడు. వెనకాలే అవ్వ, గరిటెతో.

గరిటె ఎత్తాడు గానీ చెయ్యి రాలేదు తల్లీ. ఇన్నాళ్ళ పేరు, ఆ జెండా, రేపు రాజుగారి ముందు పోయే పదవి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు ఏట్లో జున్ తలపాగా చిన్న ఎర్రచుక్కలా కనపడింది. లియావ్ కళ్ళు మూసుకుని టంగు టంగు టంగున వాయించాడు.

వాయించాక ఇంకో భయం పట్టుకుంది. "నా సైన్యానికి నేను వెనక్కి రావడం నేర్పనే లేదే! ఎవరు వస్తారు?"

కళ్ళు తెరిచి చూశాడు. సైన్యం మొత్తం వెనక్కి తిరిగి వస్తోంది. రావడమా, ఒకటే ఉరుకు! ఒకణ్ణొకడు తోసుకుంటూ, నవ్వుకుంటూ, "ఇవాళ పెందలాడే పెట్టేస్తున్నార్రోయ్!" అని అరుచుకుంటూ. ఆఖరివాడు గట్టెక్కాడో లేదో, ఏనుగులమంద పడ్డట్టు వరద వచ్చి ఏరంతా నిండిపోయింది.

జున్ రొప్పుతూ వచ్చి, "రొట్టెలేవన్నయ్యా?" అన్నాడు. లియావ్ తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. "రొట్టెల్లేకపోతే మాత్రం ఇంత ఏడుస్తారా?" అన్నాడు జున్.

అవతలి గట్టున శత్రు సేనాపతి నోరు తెరిచాడు. "నవ్వుతూ వెనక్కి పరిగెత్తే సైన్యాన్ని నేనెక్కడా చూళ్ళేదు. మన ఎత్తు వీళ్ళకి ముందే తెలుసు. ఇంకేం తెలుసో ఏమో, పదండి!" అని డేరాలు పీకించాడు.

ఆ తర్వాత రాజుగారు కబురు పెట్టారు. లియావ్ తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎంతమందిని తీసుకెళ్ళావు?"

"మీరిచ్చిన వాళ్ళందరినీ, మహారాజా."

"ఎంతమందిని తెచ్చావు?"

"అందరినీ తెచ్చాను. ఒకడికి మాత్రం చేతులు బొబ్బలెక్కాయి."

"ఎవడికి?"

"నాకే, మహారాజా."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. పదవి పోలేదు సరికదా, లియావ్‌కి కొత్త జేగంట ఇచ్చారు. మేయ్ అవ్వకి మంచి పెనం ఇచ్చారు. అవ్వ దాన్ని అటక మీద పడేసి, "దీని మీద రొట్టె పొంగదు" అని పాతదే వాడుకుంది. జెండా మాత్రం సైనికులే మార్చారు. "అన్నం వేళకి వచ్చేవాడు" అని కుట్టి పెట్టారు. లియావ్ దాన్ని విప్పించలేదు. చచ్చేదాకా అదే జెండా.

నగారా మోగితే ముందుకి,
జేగంట మోగితే విందుకి,
కథ నడిచింది కంచికి,
నిద్రొచ్చింది రెప్పల అంచుకి!

ఏంటీ, ఇంకా పడుకోలేదూ? అదుగో, తాత మళ్ళీ మంచినీళ్ళకి లేచాడు. "నువ్వెళ్ళి జేగంట కొట్టు అమ్మమ్మా" అంటావా? ఉప్పు ఎక్కువైన మాట నిజమే. వెళ్ళి చెప్పాలనే ఉంది. ఇంత కథ వచ్చు గానీ, ఆ ఒక్క మాట ఆయనతో అనడం నాకింకా రాలేదు తల్లీ.