కార్డులో మిగిలింది

ఓబులేసుకు ఒకటే బాధ. హుసేన్‌పీరా సాహెబు దగ్గర కెమెరాల రిపేరు నేర్చుకోబట్టి ఏడేళ్లయింది, ఇంకా కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వడు. ప్రొద్దుటూరులో తనకంటే వెనక పని మొదలుపెట్టినవాళ్లు సొంత దుకాణాలు తెరిచారు. బోర్డుల మీద పేర్లు రాయించుకున్నారు. ఓబులేసు మాత్రం స్టూలు మీద కూర్చుని ఉస్తాద్ చేతికి స్క్రూడ్రైవర్లు అందిస్తున్నాడు.

పని రాక కాదు. నేను పెళ్లి ఫోటోలు తీసి బతికినవాణ్ణి, నా కెమెరాలన్నీ ఆ బల్ల మీద పడి లేచినవే. అందుకే చెబుతున్నాను, మా వైపు ఓబులేసు చేతిని మించిన చెయ్యి లేదు. ఆవగింజంత స్క్రూ కింద పడితే వంగి వెతికేవాడు కాదు, చప్పుడును బట్టి ఎక్కడుందో చెప్పేవాడు.

ఉస్తాద్‌ది నత్తనడక. ఎవరు కెమెరా తెచ్చినా ముందు దాన్ని ముట్టుకునేవాడు కాదు. మనిషిని కూర్చోబెట్టి, లోపల ఏముందని అడిగేవాడు. ఎంతసేపు చెప్పినా వినేవాడు. తర్వాత ఫోటోలుండే మెమరీ కార్డు తీసి, తెచ్చినవాళ్ల గుప్పిట్లో పెట్టి, వాళ్ల వేళ్లు తనే మూసేవాడు. అప్పుడు పనిలోకి దిగేవాడు. రీళ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు అది. రీలు లోపలుండగా వెనక తలుపు తెరిస్తే వెలుతురు తగిలి ఫోటోలన్నీ మాడిపోయేవి.

"కార్డుకు గూడా ఎండ తగిలితే పోతాదా ఉస్తాద్?" అని ఓబులేసు ఒకసారి నా ముందే ఎగతాళి చేశాడు. నేను నవ్వాను. సాహెబు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ రోజు వచ్చినవాడి కార్డు తీసి వాడి గుప్పిట్లో పెట్టాడు.

ఒకరోజు ఓబులేసు ధైర్యం చేసి అడిగేశాడు, నన్ను బల్ల దగ్గర ఎప్పుడు కూర్చోబెడతావని. సాహెబు ఒక లెన్సు తుడుస్తున్నాడు.

"చేతికేం తక్కువలేదప్పా నీకు," అన్నాడు.

ఇంకేదో చెబుతాడని ఓబులేసు కాచుకున్నాడు. ఆయన ఇంకో లెన్సు అందుకున్నాడు.

అది జరిగిన వారంలోనే, ఒక శుక్రవారం, సాహెబు నమాజుకు వెళ్లిన వేళ చౌడప్ప వచ్చాడు.

చౌడప్ప దగ్గరి పల్లెలో నేతపని చేసేవాడు. మూడేళ్ల కిందట కూతురు ఈశ్వరిని వెంటబెట్టుకుని ఇదే దుకాణానికి వచ్చాడు. సెల్‌ఫోన్లలో ఇంకా మంచి కెమెరాలు రాని రోజులు. తండ్రి నేసిన చీరలను ఫోటోలు తీసి దూరపు షావుకార్లకు పంపాలని ఆ పిల్ల ఆలోచన. అద్దాల బీరువాలో మూరెడు లెన్సున్న పెద్ద కెమెరా చూసి అదే కావాలంది. సాహెబు ఎందుకని అడిగి, అంతా విని, గుప్పిట్లో ఇమిడే పాత కెమెరా ఒకటి తీసి ఇచ్చాడు. చీరకు ఇది చాలమ్మా, పొద్దుటి వెలుతురు పడే గోడకు తెల్లగుడ్డ కట్టుకో, పెద్దది కొంటే భయపడి పెట్టెలోనే దాచిపెడతావు అని చెప్పాడు. టైమరు కూడా చూపించాడు. బొత్తాం నొక్కి, ఎర్రదీపం మిణుకుమంటుండగా పరిగెత్తి వచ్చి ముందు నిలబడితే దానంతటదే ఫోటో తీస్తుంది. ఈశ్వరి దుకాణంలోనే నాలుగుసార్లు పరిగెత్తి చూసింది. నాలుగుసార్లూ సమయానికి అందుకోలేక నవ్వేసింది. ఓబులేసు అప్పుడూ స్టూలు మీదే ఉన్నాడు.

ఈ శుక్రవారం చౌడప్ప ఒక్కడే వచ్చాడు. కెమెరాను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. గూట్లోంచి కింద పడిందట, లెన్సు బయటికొచ్చి ఇరుక్కుపోయింది. సాహెబు లేడా అని అడిగాడు. వస్తాడు, ఈలోగా నేను చూస్తాలే అన్నాడు ఓబులేసు. అప్పటికే కెమెరా అతని చేతిలోకి వచ్చేసింది.

"అది గాదు నాయనా. దీంట్లో..." అన్నాడు చౌడప్ప.

"లెన్సే గదా పెద్దాయనా. ఒక గంట పని. టీ తాగేసి రాపో," అన్నాడు ఓబులేసు.

చౌడప్ప కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. ఓబులేసు తల ఎత్తకపోయేసరికి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గంట కూడా పట్టలేదు. లోపలి పళ్లచక్రంలో ఇసుకరేణువు ఒకటి చిక్కుకుంది. ఓబులేసు దాన్ని తీసి, వంగిన పన్నును సరిచేసి, మళ్లీ బిగించాడు. లెన్సు చక్కగా కదిలింది. ఉస్తాద్ వచ్చేలోపే పూర్తిచేసి చూపించాలని తొందర. పరీక్ష కోసం ఫోటోలు తీశాడు. తిరిగే ఫ్యానును తీశాడు, గోడ గడియారాన్ని తీశాడు, స్విచ్చుబోర్డును దగ్గర నుంచీ దూరం నుంచీ తీశాడు. లెన్సు మళ్లీ ఇరుక్కోదని తేలాలని కార్డు నిండేదాకా తీశాడు. చివరికి తాను తీసినవన్నీ చెరిపేశాడు. ముందునుంచి ఉన్న చీరల ఫోటోల జోలికి పోలేదు. అంత జాగ్రత్త పడ్డాడు పాపం.

సాహెబు, చౌడప్ప ఇద్దరూ కలిసే లోపలికొచ్చారు. దారిలో ఎదురుపడినట్టున్నారు, సాహెబు ఆయన భుజం మీద చెయ్యి వేసి నడిపించుకొస్తున్నాడు. ఓబులేసు లెన్సును ముందుకీ వెనక్కీ ఆడించి చూపించాడు. సాహెబు కళ్లు దాని మీద నిలవలేదు.

"కార్డు ఆయప్ప చేతికిచ్చినావా ముందర?" అని అడిగాడు.

ఓబులేసు కెమెరాను బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడు తెలిసింది. ఈశ్వరి చనిపోయి నలభై రోజులు. డెంగీ జ్వరం, నాలుగు రోజుల్లో అయిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఇంట్లో ఆమె ఫోటో అంటూ మిగిలింది పదో తరగతి హాల్‌టికెట్ మీది ఒక్కటే. మిగతావన్నీ ఆమె తీసినవి, అన్నీ చీరలే. ఫోటోలు తీసే మనిషి ఫోటోల్లో ఎక్కడుంటుంది?

కానీ ఆ పిల్లకు ఒక సరదా ఉండేదట. మగ్గం మీంచి దిగిన కొత్త చీరను ఒక్క నిమిషం ఒంటికి చుట్టుకునేది. కెమెరాను గూట్లో పెట్టి, టైమరు నొక్కి, పరిగెత్తి మగ్గం ముందు నిలబడేది. ఎలా ఉన్నానో ఒకసారి చూసుకుని వెంటనే చెరిపేసేది. అమ్మే చీరను నేసినవాడి కూతురు కట్టిందంటే షావుకారు ఊరుకోడు కదా. చౌడప్ప పని చేసుకుంటూ అంతా చూసేవాడు, చూడనట్టు ఉండేవాడు. చెరిపేసిన ఫోటోలను కూడా తెలిసినవాళ్లు బయటికి తీయగలరని పక్కింటి మాస్టారు చెబితే ఈ రోజు బస్సెక్కాడు.

నిజమే, తీయొచ్చు. చెరిపేసినంత మాత్రాన ఫోటో పోదు. దాని మీద ఇంకో ఫోటో పడేదాకా కార్డులోనే ఉంటుంది. ఈ సంగతి ఓబులేసుకు ఉస్తాద్ కంటే బాగా తెలుసు. ఆ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ పని చేసేది అతనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

సాహెబు కంప్యూటరు వైపు చూపించాడు. ఓబులేసు కార్డు పెట్టాడు. చౌడప్ప కుర్చీ దగ్గరికి జరుపుకుని, సరిగ్గా కనపడాలని తువ్వాలుతో కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు.

చెరిపేసినవి ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఫ్యాను. ఫ్యాను. గడియారం. స్విచ్చుబోర్డు. మళ్లీ ఫ్యాను.

చౌడప్ప ఓపిగ్గా చూశాడు. ఇరవై దాటాక మెల్లగా అడిగాడు.

"ఈ ఫ్యాను ఎవురిది నాయనా? మా ఇంట్లో ఫ్యాను లేదే."

ఓబులేసుకు అప్పటికప్పుడు ఒక అబద్ధం దొరికింది. కింద పడిన దెబ్బకు కార్డు చెడిపోయిందనొచ్చు, చౌడప్పకు ఎన్నటికీ తెలియదు. ఉస్తాద్ మొహం చూశాడు. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. సాయం రాలేదు, అడ్డమూ రాలేదు.

"నేనే తీసినా పెద్దాయనా," అన్నాడు ఓబులేసు. "నీ బిడ్డ ఫోటోల మీదనే పడినాయి."

చౌడప్పకు అది అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఓబులేసు తర్వాత నాతో ఎన్నిసార్లు అన్నాడో.

"చెప్పబోతి గదప్పా," అన్నాడు చౌడప్ప.

చిట్టచివర సగం ఫోటో ఒకటి వచ్చింది. వెనక మగ్గం తాళ్లు. వాటి ముందు నడిమి పాపిట తీసిన తల, ఒక పక్కకు జారిన కనకాంబరాలు, నుదురు, బొట్టు, కనుబొమ్మలు. అక్కడి నుంచి అడుగుదాకా ఒట్టి బూడిదరంగు. చౌడప్ప లేచి తెరను తాకాడు. ఆ పూలు తానే సంతలో కొనుక్కొచ్చానని చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఏడుపు ఆపడం ఎవరి వల్లా కాలేదు.

వెళ్లేటప్పుడు ఓబులేసు ఆయన్ను బతిమాలి హాల్‌టికెట్ ఫోటో తీసుకున్నాడు. వారంలో నేనే ఇంటికి తెచ్చి ఇస్తానన్నాడు. ఏం తెస్తాడో చెప్పలేదు.

ఆ వారం వేరే పని ముట్టలేదు. హాల్‌టికెట్ మీది మొహాన్ని పెద్దది చేసి, ఆ సగం ఫోటోకు కింద అతికించాడు. రంగుకు రంగు, నీడకు నీడ కలిపాడు. కార్డులో ఉన్న చీరల్లోంచి నెమలికంఠం రంగుది ఒకటి తీసి కట్టించాడు. నాకు చూపించినప్పుడు అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. కనకాంబరాలు పెట్టుకుని నిండుగా ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. బతికించావురా ఆ పిల్లను అని అతని వీపు తట్టాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఓబులేసు ఆ ప్రింటును ఉస్తాద్ ముందు పెట్టాడు. చౌడప్పకు ఇచ్చిరానా అని అడిగాడు.

సాహెబు దాన్ని కిటికీ వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పని బాగాలేదని అనలేదు. అరచేయి చాపి కనుబొమ్మల కింద నుంచి బొమ్మనంతా మూసేశాడు.

"ఇంతవరకు ఆ బిడ్డది," అన్నాడు. చెయ్యి తీయలేదు. "కిందిది నీది."

ఓబులేసు ఆ చేతి వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కంప్యూటరు దగ్గరికి వెళ్లి, బూడిదరంగును ఉన్నదున్నట్టు ఉంచి, ఇంకో ప్రింటు తీశాడు. దాన్ని అట్టముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కాడు.

చౌడప్ప ఇంట్లో మగ్గం ఆగి ఉంది. సగం నేసిన చీర మీద గుడ్డ కప్పి ఉంది. ఓబులేసు ప్రింటు చేతికిచ్చి, దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పబోయి, మానుకున్నాడు. ఈసారి తొందర లేదు కాబట్టి ఊరికే కూర్చున్నాడు.

చౌడప్ప ప్రింటును మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వేలితో పాపిట నిమిరాడు. పూలు నిమిరాడు, బొట్టు నిమిరాడు. వేలు కనుబొమ్మలు దాటి బూడిదరంగులోకి దిగి, ఒకచోట ఆగింది.

"ఈడ నవ్వుతాంటాది," అన్నాడు. "ఆ ఎర్రదీపాన్ని ఎప్పుడూ అందుకోలేదు. అందుకోలేక నవ్వేసేది."

ఓబులేసు చొక్కా జేబులోంచి హాల్‌టికెట్ ఫోటో తీసి ఆయన పక్కన పెట్టాడు. అందులో ఈశ్వరి పెదాలు బిగించి, కదలొద్దని ఎవరో గద్దించినట్టు సూటిగా చూస్తోంది.