తెలియని అక్షరం ఖాళీ గడిగా ఎందుకు కనిపిస్తుంది

ఒకప్పుడు కంప్యూటర్లలో అక్షరాల నంబర్లు ఊరికో రకంగా ఉండేవి. ఊరి నుంచి ఊరికి తీగ మీద వెళ్లేది అక్షరం కాదు, దాని నంబరే కదా. పట్నంలో 'ద'కి ఇచ్చిన నంబరే, సముద్రం ఒడ్డున పొన్నలపాలెంలో 'చ'కి ఉండేది.

పొన్నలపాలెం కంప్యూటర్లో స్క్రిప్టు అనే ఒక చిన్న ప్రోగ్రాము ఉండేది. వచ్చిన నంబర్లను అక్షరాలుగా మార్చి తెరమీద నిలబెట్టడం దాని పని.

ఒకనాడు పట్నం నుంచి జాలర్లకి కబురొచ్చింది: 'వేటకు వెళ్లొద్దు.'

స్క్రిప్టు ఒక్కొక్క నంబరే చూస్తూ 'ద' దగ్గర ఆగింది.

"నువ్వు 'చ'వి," అంది.

"కాదు, నేను 'ద'ని. మాది పట్నం లెక్క. కావాలంటే అడుగు," అంది 'ద'.

"అడగడమెందుకు? నా పట్టికలో ఈ నంబరు 'చ'దే."

తెరమీద 'వేటకు వెళ్లొచ్చు' అని పడింది.

కబుర్లు చదివే మంగతాయి ఒడ్డున మైకులో అదే చదివింది. జాలరి పోలయ్య వల సర్దుతూ ఆగాడు.

"గాలి వాసన బాగోలేదమ్మా. సరిగ్గా సదివావా?"

"వెళ్లొచ్చనే ఉంది మావయ్యా."

పోలయ్య పడవ తోశాడు.

మధ్యాహ్నానికి సముద్రం లేచింది. సాయంత్రం పోలయ్య ఒక చెక్క పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. భుజం విరిగింది. పడవ మాత్రం రాలేదు.

మంగతాయి పట్నానికి ఫోన్ చేసింది. "వెళ్లొద్దనే పంపామమ్మా," అన్నారు వాళ్లు. ఆమె వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"తెలియనప్పుడు తెలియదని చెప్పొచ్చుగా?" అని అడిగింది.

"ఏదో ఒకటి చూపించకపోతే నన్ను పనికిరానిదంటారని..." అంది స్క్రిప్టు.

"పోలయ్య మావయ్య నీ తెరమీది మాట నమ్మి వెళ్లాడు."



తరవాత అన్ని ఊళ్ల అక్షరాలూ కూడి, ఒక్కో అక్షరానికి ఒక్కటే నంబరు పెట్టుకున్నాయి. ఏ ఊరెళ్లినా అదే నంబరు. వచ్చిన ప్రతి కబురునీ "ఏ లెక్కలో వచ్చావు?" అని ముందు అడగడం స్క్రిప్టు నేర్చుకుంది. అయినా దానికో అనుమానం మిగిలింది.

"నేనెన్నడూ చూడని అక్షరం వస్తే?"

"ఊహించకు. అక్కడో ఖాళీ గడి పెట్టు. అదేమిటో నేను కనుక్కుంటాను," అంది మంగతాయి.

అప్పటినుంచే కంప్యూటర్, తన దగ్గర రూపం లేని అక్షరం వచ్చినచోట ఇంకో అక్షరాన్ని కూర్చోబెట్టదు. చిన్న ఖాళీ గడి గీసి ఊరుకుంటుంది.