నీళ్లలో తేలిన రాయి

ఎత్తయిన కొండల నడుమ నీలికోన అనే అడవి ఉండేది. దాని నిండా దేవదారు చెట్లే. అందులో ఎలుగుబంట్లు, కణుజులనే పెద్ద దుప్పులు, అడవికోళ్లు తిరుగుతుండేవి. అడవి మధ్యగా ఒక వాగు గలగలా పారి కింద ఉన్న నదిలో కలిసేది.

ఒక వానాకాలంలో నదిలోని చేపలు గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురీదుతూ నీలికోన దాకా వచ్చాయి. అవి తిరిగి వెళ్లేలోగా కొండచరియ విరిగి వాగుకు అడ్డంగా పడింది. నీళ్లు నిలిచిపోయి పెద్ద మడుగు ఏర్పడింది. చేపలన్నీ అందులో చిక్కుకుపోయాయి.

మొదట అవి బెంగపడ్డాయి. కానీ నీళ్లు తేటగా ఉన్నాయి. తినడానికి నాచు, పురుగులు కావలసినన్ని ఉన్నాయి. మెల్లగా అవి కొత్త ఇంటికి అలవాటుపడ్డాయి.

ఆ చేపల్లో గంభీరుడనే బొచ్చె ఒకడు. వాడి తల చాలా పెద్దది. "తల పెద్దదైతే తెలివీ పెద్దదే" అని అందరితో చెప్పుకునేవాడు. ఎవరు ఏం అడిగినా ఆలోచించకుండానే జవాబు చెప్పేవాడు. తెలియదు అన్న మాట వాడి నోట ఎవరూ వినలేదు.

మడుగు అడుగున ఒక ముసలి జెల్ల ఉండేది. చిన్న చిన్న పరిగె చేపలు ఆమెను జెల్లత్త అని పిలిచేవి. ఆమె తన పొడవాటి మీసాలతో బురదను తడిమి చూసుకుంటూ తిండి వెతుక్కునేది. ఏ విషయమైనా తడిమి చూస్తే గానీ నమ్మేది కాదు.

వానలు వెనకబట్టి, కొండగాలి చల్లబడసాగింది. ఒకరోజు దూరం నుంచి ఎగిరి వచ్చిన బాతుల గుంపు మడుగులో దిగింది.

"ఇంకొన్నాళ్లకు ఈ నీళ్లు రాయిలా గట్టిపడతాయి" అంది ఒక బాతు. "మేము వెచ్చని చోటికి పోతున్నాం. మీరూ బయలుదేరండి."

"మాకు రెక్కలేవీ?" అని అడిగింది ఒక పరిగె.

 కాసేపటికి బాతులన్నీ ఎగిరిపోయాయి.

చేపలు కంగారుపడ్డాయి. నీళ్లు రాయిగా మారడం అవి ఎన్నడూ చూడలేదు. అన్నీ గంభీరుడి చుట్టూ చేరాయి.

"ఇందులో కంగారెందుకు?" అన్నాడు గంభీరుడు. "రాయి నీళ్లలో వేస్తే ఏమవుతుంది? మునుగుతుంది. చలిగాలి పైన తగులుతుంది కాబట్టి పైనీళ్లు ముందు రాయవుతాయి. ఆ రాళ్లు అడుగుకు దిగుతాయి. వాటి మీద మరికొన్ని పడతాయి. అడుగున ఉన్నవాళ్లు నలిగి చస్తారు. అందుకని అందరం తూర్పు ఒడ్డుకు పోదాం. అక్కడ లోతు తక్కువ, ఎండ ఎక్కువ."

మాట సబబుగానే ఉందని అందరికీ అనిపించింది. జెల్లత్తకు కూడా అలాగే అనిపించింది. అయినా ఆమె, "నాకు కొంచెం వ్యవధి ఇవ్వు గంభీరన్నా. అడుగున ఏం జరుగుతుందో చూసి చెబుతాను" అంది.

ఆమె అడుగున కదలకుండా పడుకుని మీసాలు చాపి ఉంచింది. పైన గాలి చల్లగా వీచినప్పుడల్లా, కాసేపటికి చల్లని నీళ్లు పైనుంచి దిగి ఆమె మీసాలకు తగిలేవి. అడుగున ఉన్న వెచ్చని నీళ్లు పైకి పోయేవి. అలా రోజురోజుకూ అడుగు చల్లబడుతూ వచ్చింది.

ఆ సంగతి ఆమె దాచకుండా గంభీరుడికి చెప్పింది.

"చూశారా, చల్లని నీళ్లు కిందికే దిగుతున్నాయట. నేను చెప్పిందే నిజం" అని గంభీరుడు పొంగిపోయాడు. చాలా చేపలను వెంటబెట్టుకుని తూర్పు ఒడ్డుకు తరలిపోయాడు. అక్కడ కణుజు మోకాళ్లు మునిగేంత లోతే ఉంది.

జెల్లత్త మాత్రం ఇంకా చూస్తూనే ఉంది. ఒకరోజు వింత జరిగింది. గాలి మునుపటికన్నా చల్లగా వీస్తోంది. కానీ పైనుంచి చల్లని నీళ్లు దిగడం ఆగిపోయింది. ఆమె లేచి మెల్లగా పైకి ఈదింది. పైకి పోయేకొద్దీ చలి పెరిగింది. కిందే నయం.

"చల్లబడిన నీళ్లు బరువెక్కి దిగేవి. ఇప్పుడు మరీ చల్లబడి తేలికయ్యాయి. ఇదేమిటి?" అనుకుంది.

ఒడ్డున తుంపర అనే ఆడ కప్ప బురదలో దూరడానికి సిద్ధమవుతోంది. జెల్లత్త దాన్ని పిలిచి, "అమ్మాయీ, గట్టిపడిన నీళ్లు ఎక్కడైనా చూశావా?" అని అడిగింది.

"చూశానత్తా. ఆ బండ మీది గుంటలో నిన్న నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఈ పొద్దున చూస్తే గట్టిపడి, మధ్యలో అంచుకు మించి ఉబ్బి ఉన్నాయి. ఒక్క చుక్క కూడా ఎవరూ పోయలేదు."

"అందులో ఒక ముక్క ఇటు తోయగలవా?"

తుంపర చలికి వణుకుతూనే అంచున పగిలి ఉన్న ఒక ముక్కను కాళ్లతో మడుగులోకి నెట్టింది. అది బుడుంగున మునిగి, మళ్లీ పైకి వచ్చి తేలింది. జెల్లత్త దాన్ని తలతో లోపలికి తోసింది. వదలగానే మళ్లీ తేలింది. ఎన్నిసార్లు తోసినా అంతే. మూతి మొద్దుబారిపోయింది గానీ ఆమె మనసు తేలికపడింది.

ఆమె దగ్గరే ఉండిపోయిన పరిగెలు, "రాయి తేలడమేమిటత్తా?" అని అడిగాయి.

"మీరంతా ఆ రాతి సందులో దూరండి" అంది జెల్లత్త. పరిగెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దూరాయి. అన్నింటికీ చోటు చాలింది.

"ఇప్పుడు ఒకరి తోక ఒకరు పట్టుకుని గుండ్రాలు కట్టండి."

పరిగెలు నవ్వుకుంటూ గుండ్రాలు కట్టాయి. సగం పరిగెలు సందు బయటికి వచ్చేశాయి.

"కొత్తవాళ్లెవరైనా వచ్చి చేరారా?"

"లేదత్తా. మేమే."

"మరి చోటెందుకు చాలలేదు?"

"గుండ్రాల మధ్య ఖాళీలున్నాయిగా" అంది ఒక పరిగె.

"నీళ్లూ అంతేనని నాకు తోస్తోంది. చల్లబడుతుంటే మొదట దగ్గర దగ్గరగా చేరి బరువెక్కుతాయి. ఒక హద్దు దాటాక మళ్లీ ఎడంగా జరుగుతాయి. గడ్డకట్టేటప్పుడు మీలాగే ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో ఖాళీలు వదులుతాయి. ఉన్న నీళ్లే ఎక్కువ చోటు తీసుకుంటే తేలిక కావా? అందుకే అది పైన తేలుతుంది. గడ్డకట్టడం పైనుంచి కిందికి వస్తుంది. మనకు లోతే క్షేమం."

ఆమె వెంటనే తూర్పు ఒడ్డుకు వెళ్లి చూసిందంతా చెప్పింది. కొన్ని చేపలు ఆమె వెంట వచ్చేశాయి. గంభీరుడు మాత్రం కదలలేదు.

"అడుగున చలి దిగుతోందని మొన్న నువ్వే అన్నావు. ఇవాళ మాట మారుస్తున్నావు. నేను ఒకసారి అన్నాక మార్చను" అన్నాడు.

"మొన్న జరిగింది మొన్న చెప్పాను. ఇవాళ జరిగింది ఇవాళ చెబుతున్నాను" అని జెల్లత్త వెనుదిరిగింది.

తర్వాత కొద్ది రోజులకే మడుగు మీద పలచని మంచు పొర కట్టింది. అది మందమవుతూ వచ్చింది. లోతున ఉన్న చేపలకు దాని కింద నీళ్లు చల్లగానే ఉన్నాయి గానీ గడ్డకట్టలేదు. పైన ఈదురుగాలి ఎంత కొట్టినా మంచు దుప్పటిలా అడ్డుకుంది.

తూర్పు ఒడ్డున సంగతి వేరు. అక్కడ మంచు పైనుంచి దిగుతూ దిగుతూ బురదను సమీపించింది. గంభీరుడితో మిగిలిన చిన్న చేపలు సందు చూసుకుని లోతుకు జారుకున్నాయి. గంభీరుడి తల ఆ సందులో పట్టలేదు. పైన మంచు, కింద బురద, మధ్యలో వాడు. కదిలితే వీపు గీసుకుపోతోంది.

ఈ కబురు వినగానే జెల్లత్త పరిగెలను వెంటబెట్టుకుని బయలుదేరింది.

"అత్తా, మాట మార్చావని నిన్ను ఆడిపోసుకున్నవాడు కదా" అంది ఒక పరిగె.

"అన్నవాడు బతికుంటేనే కదా, అన్న మాట తప్పని తెలుసుకునేది. పదండి" అంది జెల్లత్త.

ఆమె మూతితో బురదను తవ్వింది. పరిగెలు తోకలతో దాన్ని పక్కకు ఊడ్చాయి. మంచు అంతకంతకూ దిగుతోంది. చివరికి ఒక కాలువలాంటి దారి ఏర్పడింది.

"పొట్ట నేలకు ఆనించి పాకుతూ రా అన్నా. తల ఎత్తావా, ఇరుక్కుంటావు" అంది జెల్లత్త.

గంభీరుడు తల వంచి బురదలో పాకుతూ వచ్చాడు. వీపు మీది పొలుసులు చాలావరకు మంచుకే అతుక్కుపోయాయి. అక్కడి ఈతరెక్క సగం చిరిగింది. కానీ ప్రాణంతో లోతుకు చేరాడు. చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

ఆ చలికాలమంతా చేపలు జెల్లత్త చుట్టూనే గడిపాయి. ఎక్కడ తిరగాలి, ఎక్కడ ఆగాలి అని ఆమెనే అడిగేవి. ఎండలు ముదిరి మంచు కరిగాక జెల్లత్త గుడ్లు పెట్టింది. మడుగంతా ఆమె పిల్లలతో కళకళలాడింది.

ఒకరోజు వాటిలో ఒక బుల్లి జెల్ల గంభీరుడి దగ్గరకు వచ్చి, "మామా, సూర్యుడు సాయంత్రమయ్యేసరికి ఎర్రగా ఎందుకవుతాడు?" అని అడిగింది.

చుట్టూ ఉన్న చేపలన్నీ ఈత ఆపి చూశాయి.

గంభీరుడు కాసేపు ఆలోచించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నాకు తెలియదమ్మా. పద, ఇద్దరం కలిసి చూద్దాం."

నీతి: ఊహ ఎంత సబబుగా తోచినా పరీక్షించి చూడనిదే నమ్మరాదు; తప్పని తేలినప్పుడు మాట మార్చుకోవడమే తెలివి.