చిప్పమ్మ తల్లి ఎంగిలి తీర్థం

ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద, గోపురమైనా లేని చిన్న గుడి చిప్పమ్మ తల్లిది. గర్భగుడిలో విగ్రహం లేదు. రాతిలో చెక్కిన కొబ్బరిచిప్ప ఒక్కటే ఉంటుంది. ఇక్కడ ఇచ్చేది ఎంగిలి తీర్థం. ఆ మాట వినగానే ముఖం చిట్లించే భక్తులు ఈ కథ చదివి లోపలికి రావలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ కొర్లయ్య అనే జాలరి, భార్య బండెమ్మ, ఐదేళ్ల కూతురు గున్నమ్మ ఉండేవారు. ఒక కార్తీకంలో తుపాను వచ్చి ఏరు పొంగింది. గుడిసె కొట్టుకుపోగా ముగ్గురూ పడవెక్కారు. వరద ఆ పడవను నడిసముద్రానికి ఈడ్చుకుపోయింది. తెడ్లు కూడా దక్కలేదు. మూడో రోజుకు గాలి పూర్తిగా పడిపోయింది. దాహంతో పిల్ల నాలుక పిడచకట్టింది.

బండెమ్మ నీటిలో చెయ్యి పెట్టి చూసింది. పైన చల్లగా, మోచేతి లోతు దాటాక వెచ్చగా తగిలింది. ఏటి నీరు తేలిక, ఉప్పునీరు బరువు. గాలి లేక వరద నీరు సముద్రం మీద పొరలా పరుచుకుని ఉంది. ఇసుక చెలమలో అడుగు ఉప్పు కదలకుండా మంచినీళ్లు తోడటం ఆమెకు పుట్టింటి విద్య. కొబ్బరిచిప్పతో పైపైన తేర్చి పిల్ల నోట్లో పోసింది. పిల్ల కళ్లు తెరిచింది.

అది చూసి కొర్లయ్యకు ప్రాణం లేచి వచ్చింది. చిప్పెడు నీళ్లు ఏ మూలకని కుండ అందుకున్నాడు.

“ముంచీకు మావా! పైపైనే తియ్యాల, కిందంతా ఉప్పే!” అని బండెమ్మ అరిచేసరికే కుండను చంక లోతు దాకా ముంచేశాడు.

“ముందు నువ్వు రుచి సూడు,” అందామె.

“గంగమ్మ తల్లి ఇచ్చిన నీల్లు ఎంగిలి సేత్తానా?” అంటూ కొర్లయ్య కుండ పిల్ల నోటికెత్తాడు. అయ్య పోస్తున్నాడు కదా అని పిల్ల గడగడా తాగేసింది.

వాంతులు పట్టుకున్నాయి. అంతలో గాలి లేచింది. అలలు పై నీటినీ కింది నీటినీ ఏకం చేసేశాయి. పొద్దు కుంకేదాకా బండెమ్మ చిప్పతో తీస్తూనే ఉంది. ప్రతి చిప్పా ఉప్పే. అదే గాలి మర్నాడు పడవను ఈ దిబ్బకు చేర్చింది. అప్పటికి పిల్ల లేదు. పాపం, కొర్లయ్య చేసింది భక్తే. ఆ భక్తికే పిల్ల బలైపోయింది.

పిల్లను ఇక్కడే పూడ్చారు. కొర్లయ్య పచ్చి గంగ ముట్టక పడి ఉంటే, గున్నమ్మ చిప్ప పట్టుకుని కలలోకి వచ్చింది. “అయ్యా, దాహం. నువ్వు తాగి ఇయ్యి,” అంది. లేచి ఆ చిప్పనే రాతిలో చెక్కి, గున్నమ్మను చిప్పమ్మ తల్లిగా ఇక్కడ నిలిపాడు.

నేటికీ కార్తీకంలో గాలి నిలిచిన రోజున తల్లులు ఏరు సముద్రంలో కలిసే మొగలో చిప్పతో పైపైన నీరు తీస్తారు. తండ్రి ముందు తాగి, రుచి చూసి, ఆ ఎంగిలినే బిడ్డకు పోస్తాడు. ఆ బిడ్డలకు నీటి గండం ఉండదని నమ్మకం. మొదటి చిప్ప మాత్రం ఏ బిడ్డకూ ఇవ్వరు. కొర్లయ్య ఇంటిపేరు గల పూజారి దాన్ని రుచి చూసి, “తియ్యగున్నాయి, తాగమ్మా,” అంటూ పిల్లను పూడ్చిన చోట ఇసుకలో పోస్తాడు.