భూదేవి నెత్తిన చిట్టావ

ఒకప్పుడు భూదేవి ఒళ్ళంతా పూలే గానీ, నెత్తిన మాత్రం ఒక్క పువ్వూ లేదు. నెత్తంటే ఎక్కడనుకున్నారు? ఉత్తరాన చిట్టచివర, ఎప్పుడు చూసినా మంచు కప్పుకుని ఉండే చోటు.

"ఇంతమంది బిడ్డల్ని కని కూడా బోసి నెత్తితో తిరుగుతున్నాను. ఒక్కరైనా రారూ?" అని అడిగింది భూదేవి.

గులాబీ ముళ్ళు సర్దుకుంటూ అటు తిరిగింది. నీళ్ళు గడ్డకడితే నేనెక్కడుండాలంది తామర. ఆవాల మొక్క ఆవమ్మ పిల్లల్లో ముల్లంగి పోయి క్యాబేజీ వెనక నక్కింది. "నేను వెళ్తానమ్మా," అంది అందరికంటే చిన్నది, చిట్టావ.

ఆవమ్మ ఇంట్లో ఒక పద్ధతుంది. పొద్దుగూకితే చాలు, పిల్లల రేకులు లెక్కపెడుతుంది. పొడుగూ లావూ చూడదు. నాలుగు రేకులుంటే "మనదే" అని దగ్గరికి తీసుకుంటుంది. ఆ పూట చిట్టావ రేకులు రెండుసార్లు లెక్కపెట్టింది. "ఇవి జాగ్రత్త తల్లీ. వీటిని బట్టే నిన్ను పోల్చుకుంటాను," అంది.

చిట్టావ ఆ మంచుచోటికి చేరింది. అక్కడి ఉత్తరగాలి మహా పొగరుబోతు. "నా చోట ఉండాలంటే నీ పొడుగివ్వాలి," అంది. చిట్టావ ఇచ్చేసి బొటనవేలంత అయింది. మరుసటేడు ఆకుల వెడల్పు అడిగింది. అదీ ఇచ్చేసి, మిగిలిన బుల్లి ఆకుల్ని దగ్గరికి ముడుచుకుని బండ సందులో కూర్చుంది.

మూడో ఏడు గాలి, "ఒక్క రేకివ్వు. మూడుంటే పువ్వు కాకపోతావా?" అంది.

చిట్టావ నిలువెల్లా వణుకుతోంది. అయినా తల దించలేదు. "పొడుగు నాది, ఇచ్చాను. ఆకులు నావి, ఇచ్చాను. ఈ రేకులు మా అమ్మవి. చస్తే ఇవ్వను."

గాలికి ఒళ్ళు మండిపోయింది. ఎంత లాగినా రేకు ఊడి రాలేదు. చివరికి కాయలు ఎండేదాకా కాచుకుని, వాటిని పగలగొట్టి గింజల్ని తలోదిక్కుకీ విసిరికొట్టింది. ఒక్కటీ బతకదనుకుంది.

మళ్ళీ వేసవిలో గాలి ఆ చివర్నించి ఈ చివరికి తిరిగి చూస్తే ఏముంది? ప్రతి బండ సందులోనూ నాలుగేసి పసుపు రేకులు. భూదేవి నెత్తి చుట్టూ దండ కట్టినట్టే ఉంది. కట్టింది ఆ గాలే మరి.

అక్కడ గూడు పెట్టిన పిట్ట ఒకటి చలికాలానికి ఆవమ్మ చేలో వాలింది. "అక్కడొక పువ్వుందమ్మా. మరీ ఇంతే ఉంది. మీ పిల్లో కాదో చెప్పలేను," అంది.

"రేకులెన్ని?"

"నాలుగు."

"మనదే," అంది ఆవమ్మ, చేనంతా వినబడేలా.

అప్పటినుంచే ఆ బుల్లి మొక్క ఉత్తర ధ్రువం చుట్టూ రాళ్ళ సందుల్లో పూస్తోంది. మొక్కల్ని కుటుంబాలుగా విడదీసే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా దాని ముందు మోకాళ్ళ మీద వంగి, రేకులు లెక్కపెట్టి, ఇది ఆవమ్మ ఇంటి పిల్లే అని రాసుకుంటారు.