పొమ్మనలేని ఇంట్లో ఎలుగుబంటి

ఎలుగుబంటికి మాటలు ఎలా వచ్చాయని నన్ను అడగవద్దు, చెప్పను. ఆ ఊరి పేరు కూడా చెప్పను. ఆ ఇంటివారి మనుమలు ఇప్పటికీ సంతలో నాకు ఎదురుపడుతుంటారు. మిగిలినది చెబుతాను. కదలకుండా కూర్చుని వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, పనస, మామిడి చెట్ల నడుమ ఒక పెంకుటిల్లు. ఇంటి యజమాని దాలినాయుడు. అతని భార్య పారమ్మ, తల్లి నీలవేణమ్మ. పెరట్లో చిన్న పాక, పాకలో ఒక మేక.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉండేది. వెళతానని లేచిన అతిథిని మూడుసార్లు ఆపనిదే పంపరాదు. ముందుగా యజమాని "అప్పుడేనా?" అనాలి. తరువాత ఇల్లాలు "ఎండ తగ్గనివ్వండి" అనాలి. చివరికి పెద్దావిడ "మా మీద కోపమా?" అనాలి. వచ్చేవారందరికీ ఈ సంగతి తెలుసు. మూడో మాట కాగానే వారు నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవారు.

ఒకనాడు వడగళ్ళ వాన కురిసింది. ఆ వానలో ఒక ఎలుగుబంటి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, అరుగు మీద కూర్చుంది.

పారమ్మ కిటికీలోంచి చూసింది. "ఏటయ్యా, ఎలుగుబంటి! పొమ్మను!" అని గుసగుసలాడింది.

"నెమ్మదిగా మాటాడే. వింటే నొచ్చుకుంటాది" అన్నాడు దాలినాయుడు.

"నొచ్చుకుంటే పోతాది కదా!"

"గడప దాకా వచ్చినోళ్ళని పొమ్మంటామేటే? అమ్మా, నువ్వు పెద్దదానివి. నువ్వు చెప్పు."

"నా వల్ల కాదురా" అంది నీలవేణమ్మ. "మీ మేనత్తనే ఏనాడూ పొమ్మనలేదు. దీన్నంటానా?"

ఇంతలో వాన వెలిసింది. ఎలుగుబంటి లేచి చేతులు జోడించింది. "మీ అరుగు చల్లగా ఉండాలి. ఇక నాకు సెలవు ఇప్పించండి" అంది.

ముగ్గురి ప్రాణాలూ కుదుటపడ్డాయి. కాని నోళ్ళు అలవాటు తప్పలేదు.

"అప్పుడేనా?" అన్నాడు దాలినాయుడు.

"ఎండ తగ్గనివ్వండి" అంది పారమ్మ.

ఎలుగుబంటి ఆకాశం వంక చూసింది. ఎండ ఎక్కడా లేదు.

"మా మీద కోపమా నాయనా?" అంది నీలవేణమ్మ.

ఎలుగుబంట్లకూ ఒక ఆచారం ఉంది. ఇంటివారు మూడుసార్లు ఉండమంటే కాదనరాదు. "కోపమా! ఎంత మాట తల్లీ!" అని ఎలుగుబంటి మళ్ళీ కూర్చుంది.

మరునాడు అది అరుగు విడిచి నడవలోకి వచ్చింది. పట్టెమంచం విరిగింది. ఆ తరువాత వంటింట్లోకి వచ్చింది. ఉట్టి తెగింది. అతిథి ముందు ఏదో ఒకటి పెట్టాలి గనుక ఇంటివారు పనసపండ్లన్నీ కోసి పెట్టారు. అది రోజూ లేచి సెలవు అడిగేది. వారు రోజూ ఆపేవారు.

ఒక ఉదయం పారమ్మ పట్టుదలతో నోరు మూసుకుంది. మొదటి మాట అయింది. రెండో మాట రాలేదు. నీలవేణమ్మ ఇటూ అటూ చూసి, రెండో మాటా మూడో మాటా తానే అనేసింది.

"ఎందుకన్నావత్తా?" అని పారమ్మ తల కొట్టుకుంది.

"నువ్వు మరిచిపోయావనుకున్నానే! ఇంటి పరువు పోదూ?"

చివరికి ఇంట్లో కాలు పెట్టే చోటు లేకపోయింది. ఈ ఇల్లు ఇక తమకు దక్కదని దాలినాయుడికి దిగులు పట్టుకుంది. చాపలు చుట్టుకుని ముగ్గురూ మేకపాకలోకి వచ్చారు.

"కాస్త జరగవే" అన్నాడు దాలినాయుడు.

మేక నెమరు ఆపింది. "ఏటి సంగతి? ఇల్లు కూలిపోనాదా?"

"లేదు. లోపల ఎలుగుబంటి ఉంది."

"పొమ్మనలేదా?"

"ఎలా అంటామే? నొచ్చుకోదూ?"

"నన్ను జరగమని బాగానే అన్నారే!" అంది మేక.

మేక గెంతుకుంటూ ఇంట్లోకి పోయింది. దాలినాయుడు పెరటి గుమ్మం దాకా వెంటపడ్డాడు గాని, దాని నోరు మూయలేకపోయాడు.

"ఓ ఎలుగు బావూ! నువ్వుండడం ఈళ్ళకి ఇష్టం లేదు. ఎల్లిపో!" అంది మేక.

ఎలుగుబంటి చేతిలోని పనసతొన జారిపడింది. "నిజమేనా?"

"నా గెడ్డం మీద ఒట్టు."

ఎలుగుబంటి మేక కాళ్ళకు దండం పెట్టినంత పని చేసింది. "బ్రతికించావు తల్లీ! అడవిలో ఇప్పపూల కాలం దాటిపోతున్నది. మా ఇంటావిడ నా మీద మండిపడుతూ ఉంటుంది. పనసపండు వాసన తగిలితేనే నాకు కడుపులో తిప్పుతున్నది. రోజూ వెళతానంటాను. రోజూ ఆ పెద్దావిడ కోపమా అంటుంది. నేనేం చేయను?"

అంటూనే అది పెరటి గుమ్మం వైపు పరుగెత్తింది. గుమ్మంలో నిలబడి ఉన్న దాలినాయుడు అలవాటు కొద్దీ "అప్పు..." అన్నాడు. మేక అతని డొక్కలో ఒక్క పోటు పొడిచింది. మాట అక్కడితో ఆగిపోయింది. ఎలుగుబంటి వెనుదిరిగి చూడలేదు.

ఇల్లు దక్కింది. ఉట్టి మళ్ళీ కట్టారు. మంచానికి కొత్త పట్టె వేయించారు.

కొన్నాళ్ళకు ఒక కాకి వచ్చి అరుగు మీద ఉత్తరం పడేసింది. పారమ్మ దాన్ని పైకి చదివింది.

"మహారాజశ్రీ దాలినాయుడు గారికి ఎలుగుబంటి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. మీ ఆదరణ సంగతి విని మా ఇంటావిడ మామిడిపండ్ల కాలానికి పిల్లలతో సహా మీ ఇంటికి రావాలంటున్నది. ఈసారి మనకు మొహమాటాలు వద్దు. ఇష్టం లేకపోతే 'రావద్దు' అని ఒక్క మాట వ్రాయండి, రాము. జవాబు లేకపోతే రమ్మన్నట్లే అనుకుంటాము."

"ఇప్పుడే రాయయ్యా" అంది పారమ్మ, కలం తెచ్చి చేతికిస్తూ.

దాలినాయుడు కలం తీసుకుని మళ్ళీ కింద పెట్టేశాడు. "పిల్లాజెల్లాతో వస్తామన్నోళ్ళని రావద్దని ఎలా రాస్తామే? నొచ్చుకోరూ?" అన్నాడు.

మేక పాకలోకి వెళ్ళి, తన గడ్డిని ఒక మూలకు జరుపుకుని, ముగ్గురికి చోటు చేసింది.

తోటలో మామిడి పండింది. దాలినాయుడు ఆ ఉత్తరానికి జవాబు వ్రాయనే లేదు.

నీతి: వద్దని చెప్పవలసినప్పుడు చెప్పకపోవడం మర్యాద కాదు; దానివల్ల అతిథికీ సుఖం లేదు, ఇంటికీ సుఖం లేదు.